సగంలో తెగిన రీడింగులు

2002లో నన్ను తమిళనాడులోని విరుదునగర్ కార్యాలయంలో కంప్యూటర్ విభాగానికి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. మాది గాలిమరలతో కరెంటు తీసే ప్రైవేటు కంపెనీ. కయత్తారు వైపు మరల రీడింగులను కోవిల్‌పట్టి స్టేషన్ ఆపరేటర్ రోజూ సాయంత్రం టైపు చేస్తే, నేను రాసిన ప్రోగ్రాం ఆ పత్రాన్ని ఈమెయిల్‌కు జతచేసి మాకు పంపేది. జతపత్రం ఉన్న మెయిల్ నిజానికి ఒకే పొడవాటి పాఠ్యం. మధ్యలో ఒక హద్దు వరుస ఉంటుంది. దానికి పైన ఉత్తరం, కింద పత్రం. అదంతా కట్టేది నా కోడే.

రెండో నెల నుంచి కొన్ని పత్రాలు సగంలో తెగి రాసాగాయి. ఏదో ఒక మర ఆగిన రోజునే అలా అవుతోందని మేనేజరు గమనించారు. ఆపరేటర్ గురుసామి ఆగిన మరలను దాస్తున్నాడని ఆయన అనుమానం. సంజాయిషీ అడుగుతూ గురుసామికి మెమో పంపి, నన్ను చెప్పాపెట్టకుండా వెళ్లి చూసి రమ్మన్నారు. నాకూ అదే అనుమానం. నా ప్రోగ్రాం మీద మాత్రం రాలేదు.

గురుసామికి యాభై దాటాయి. ఒట్టపిడారం దగ్గరి రైతు కుటుంబం; మా ఇంట్లోలాగే వాళ్లింట్లోనూ తెలుగే. స్టేషన్ కంప్యూటర్‌లో పత్రాలన్నీ పూర్తిగానే ఉన్నాయి. మెమో అందాక పూరించి ఉంటాడని ఫైళ్ల తేదీలు వెతకబోయాను. ఆయన కనిపెట్టాడు.

"సందేగం ఉంటే పక్కన కూసోండి సార్. నేను తట్టేది మీరే సూడండి," అన్నాడు.

కూర్చున్నాను. ఒక వరుసలో మర నంబరు, కింది వరుసలో రీడింగు. ఆ రోజు ఏడో మర ఆగింది. దాని కింద ఒక్క చుక్క పెట్టాడు. ఎందుకని అడిగాను.

"ఒట్టిగా ఇడిస్తే మరిసినానంటారు. దానికే సుక్క పెడతాను."

పంపించి, విరుదునగర్‌కు ఫోన్ చేశాను. పత్రం ఏడో మర దగ్గరే తెగిందన్నారు. మెయిల్ సర్వర్‌కు వెళ్లే పాఠ్యంలో ఒక వరుసలో చుక్క ఒక్కటే ఉంటే, ఉత్తరం అయిపోయిందని అర్థం. పత్రంలోనే అలాంటి వరుస వస్తే, పంపే ప్రోగ్రాం దాని ముందు మరో చుక్క చేర్చాలి. నేను చేర్చలేదు. మిగిలిన వరుసలు అర్థం కావడం లేదని సర్వర్ జవాబిస్తూనే ఉంది. నా కోడ్ ఆ జవాబులు చదవలేదు.

తప్పు నాదని అక్కడే చెప్పాను. గురుసామి కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"మెమో ఇంటికి వచ్చె సార్. ఇంగ్లీసు కదా, నా కూతురే సదివి సెప్పె."

మరునాడు మేనేజరుకు రాసిచ్చాను. గురుసామికి ఇచ్చిన మెమో రద్దయింది. నా పేరిట ఒకటి వచ్చింది. కోడ్ సరిచేశాక పత్రాలు తెగలేదు. అయినా గురుసామి ప్రతి పత్రాన్నీ ప్రింటు తీసి, సంతకం పెట్టి దాచుకునేవాడు. అలా చేయమని ఎవరూ అడగలేదు.

మనిషిని తనిఖీ చేసే ముందు, అతని చేయి దాటిన కాగితం ఏ దారిన వస్తోందో చూడాలి. ఆ దారి వేసింది మనమే అయితే, వెతకడం అక్కడే మొదలుపెట్టాలి.