తట్టమ్మ తిరిగి రాలేదు

నా చిన్నప్పుడు మా చెల్లెలికి ఎడమ చెవి వినికిడి పోవడానికి తట్టు తెచ్చే అమ్మవారు తట్టమ్మ అలిగి తిరిగి రావడమే కారణమని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో ఆ ముచ్చట వచ్చినప్పుడల్లా నేను గొడవపడతాను. తట్టమ్మ తిరిగి రాలేదు. వచ్చింది నా దగ్గు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, దానికి నాలుగు. జహీరాబాద్‌లో మాది బజారు వెనక పెంకుటిల్లు. ఆ చలికాలం చెల్లెలికి తట్టు పోసింది. మా నాయనమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, పరాయి మనిషిని లోపలికి రానివ్వలేదు. నన్ను కూడా వసారాలోనే పడుకోబెట్టింది. తొమ్మిదో రోజున, దద్దుర్లు మాడిపోయాక, వేపాకు నీళ్ళు తలకు పోసింది. మా వాళ్ళ దృష్టిలో నీళ్ళు పోశారంటే అమ్మవారు వెళ్ళిపోయినట్టే, పిల్ల బాగుపడినట్టే.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. దవాఖానలో నర్సు. చెల్లెలి నోరు తెరిపించి, నాలుక మీద తెల్లటి పూత చూసి, నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మండలు తియ్యకు. అమ్మ ఇంక గడప దాటలే. జర నెల దినాలు ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యకు. దగ్గేటోళ్ళనైతే అస్సలే వద్దు."

అది యుక్తి అని ఇప్పుడు తెలుసు. తట్టు తగ్గినా ఒంటికి కొన్నాళ్ళు కాపలా ఉండదు. గట్టివాళ్ళు రెండు రోజుల్లో దులిపేసుకునే జలుబు కూడా అలాంటి ఒంట్లో ఊపిరితిత్తుల దాకా దిగిపోతుంది. ఆ సంగతి చెబితే నాయనమ్మ వినదు. అమ్మవారి పేరు చెబితే వింటుంది.

నాకేమో బడిలో అంటుకున్న దగ్గు. ఇంకో నెల వసారాలోనే అనేసరికి ఒళ్ళు మండింది. అందరి ముందూ అడిగేశాను.

"ఐతారం ఐతారం చర్చికి పోతవు గదా అక్కా, మా అమ్మవారు పోయిందో ఉన్నదో నీకెట్ల తెలుస్తది?"

నాయనమ్మ పకపకా నవ్వింది. "పోరి అన్నది ఖరే గదా! మా అమ్మ సంగతి నీకేమెరుక బిడ్డా?" అంటూ మండలు లాగేసింది. అక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. గెలిచానన్న సంబరంలో నేను చెల్లెలి దుప్పట్లో దూరి, దాని ముఖం మీదే దగ్గుతూ ఆ పూటంతా కథలు చెప్పాను.

ఐదో రోజుకు పిల్ల డొక్కలెగరేసింది. నిమోనియా. చెవిలోంచి చీము. అక్కను పిలవడానికి నన్నే పంపారు. ఆమె గుమ్మంలో నిలబడి ఏడ్చానే గానీ, తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె సూదుల డబ్బా తీసుకుని వచ్చింది. మా పొయ్యి మీదే సూది మరగబెట్టి, రోజూ రెండు పూటలా పొడిచి పిల్లను దక్కించింది. చెవిని మాత్రం దక్కించలేకపోయింది.

"మండలు తీసినందుకు అమ్మకు కోపమొచ్చింది. అంత ఈ పోరి నోరే చేసింది!" అని నాయనమ్మ నా మీదికి లేచింది. నేను దగ్గాను. అక్క నా వైపు ఒకసారి చూసింది.

"పొల్లనేమనకు అవ్వా. చలిగాలి తాకింది, గంతే."

తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి, సబ్బుతో చేతులు కడిగించి, దగ్గు తగ్గేదాకా చెల్లెలి దగ్గరికి పోవద్దని మెల్లగా చెప్పింది. ఆ వేసవిలోనే ఆమెకు బదిలీ అయింది. మళ్ళీ చూడలేదు.

జలుబు చేస్తే ఇప్పటికీ నేను బాలింత ఉన్న ఇంటికి, రోగి ఉన్న ఇంటికి వెళ్ళను. చెల్లెలికి ఎప్పుడూ కుడివైపునే కూర్చుంటాను. దగ్గు సంగతి అందరితోనూ పోట్లాడి మరీ చెబుతాను కానీ, ఆ చర్చి మాట మాత్రం ఇంతవరకూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు. మండలు తీసిన రోజు అక్క నిజం విడమరిచి చెప్పి నాతో ఎందుకు వాదించలేదు? మా ఇంట్లో తన మాటకున్న విలువ ఎంతో నా నోటి నుంచే తెలుసుకుందా?