పాట ఆగినప్పుడల్లా

మొన్న శనివారం మా అమ్మాయి గదికి రంగు వేయిద్దామని ప్రెస్ ఖాళీ చేస్తుంటే (ఐర్లండ్‌లో ఈ నేవన్ ఊళ్లో ఇన్నేళ్లు ఉన్నాక అలమరా అనే మాట నాకిక నోటికి రావడం లేదు) పాత స్వెటర్ల అడుగున ఒక సీడీ దొరికింది. నల్లటి అట్ట మీద సగం కూలిన వంతెన బొమ్మ, లోపల పాటలు అచ్చువేసిన చిన్న పుస్తకం. జర్మనీ కుర్రాళ్ల మెటల్‌కోర్ బృందం ఆల్బమ్ అది. ఆ పేరు వినని నా ఈడువాళ్లకు చెప్పాలంటే, గిటార్లు దడదడలాడుతుంటే గాయకుడు గొంతు చించుకుని అరుస్తాడు, ఉన్నట్టుండి కమ్మగా పాడతాడు, మళ్లీ అరుస్తాడు. ఒకప్పుడు నేను చెవులు మూసుకున్న ఆ సంగీతాన్ని చేతిలో పట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయాను.

కోవిడ్ వచ్చిన ఆ మొదటి వసంతంలో మా అమ్మాయికి పదిహేడేళ్లు. మా ఆయన పని మీద గుంటూరు వెళ్లి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మేమిద్దరమే. ఆ బృందం డబ్లిన్ కచేరీ రద్దయింది, స్కూలు మూతపడింది, పిల్ల రోజంతా తలుపు వేసుకుని ఆ అరుపులే వినేది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకుని, ముఖం మీద మాస్కు అచ్చులతో ఇంటికొస్తే గోడలోంచి అదే ఘోష. చిన్ననాటి నుంచి చర్చి క్వయర్‌లో పాడినదాన్ని, నాకది పాటలా తోచలేదు, పిల్లకు ఏదో పట్టిందనిపించింది. మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం అప్పటికి జూమ్‌లోకి మారింది. ఒక ఆదివారం ప్రార్థన అంశాలు చెప్పమంటే, అన్ని కుటుంబాల ఎదుటా, మా అమ్మాయిని చీకటి శక్తులు వదిలిపోవాలని ప్రార్థించండంటూ ఏడ్చాను. తెలుగులోనే కదా అంటున్నాను, దానికేం తెలుస్తుందిలే అని నా ధీమా. ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లలకు తెలుగు అర్థం కాదనుకోవడం ఈ దేశానికొచ్చిన మాలాంటి తల్లులు చేసే పొరపాటు. అది మెట్ల మీద కూర్చుని మొత్తం వింది. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది.

మూడు వారాలకు నాకే జబ్బు అంటింది. నా గదిలో నేను తలుపు వేసుకుని పడుకుంటే, గుమ్మం బయట ట్రేలో జావ పెట్టి, తలుపు తట్టి, మాట లేకుండా వెళ్లిపోయేది. నా కన్నకూతురికీ నాకూ మధ్య ఇక మాటలుండవేమో, ఇలాగే పోతానేమో అని జ్వరం కన్నా ఆ భయమే నన్ను ఎక్కువ తిన్నది. సరిగ్గా అప్పుడే ఆ బృందం కొత్త ఆల్బమ్, మొన్న దొరికిన ఈ సీడీయే, జర్మనీ నుంచి పోస్టులో వచ్చింది.

ఇక పొద్దుటి నుంచీ అదే మోత. దగ్గుకుంటూ వినడం తప్ప నాకు వేరే పని లేదు. వినగా వినగా ఒక విషయం గమనించాను. మా వృత్తిలో రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ నిజానికి ఊపిరి లెక్కపెడతాం, ఎందుకంటే లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా మారిపోతుంది. మా అమ్మాయికి చిన్నప్పుడు ఆయాసం వచ్చినప్పుడల్లా నేను అదే పని చేసేదాన్ని, కాస్త పెద్దయ్యాక ఆ రహస్యం కూడా చెప్పాను. ఆ అలవాటుతోనే ఈ గాయకుడి ఊపిరీ లెక్కపెట్టసాగాను. అయితే పాట మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేసేది మా పిల్ల. ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత మళ్లీ మొదలు. నేను వింటున్నానని తెలిసి కావాలనే ఆపుతోందని, పాట కూడా నాకు దక్కనివ్వడం లేదని మనసు చివుక్కుమనేది.

నేను కాస్త తేరుకున్నాక ఒక మధ్యాహ్నం తలుపు బయట నుంచి గొంతు వినిపించింది. “మామ్, ఆర్ యూ అవేక్?” ఆ నాలుగు ముక్కలకు నేను ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో! విషయమేమిటంటే, ఆల్బమ్ మీద విమర్శకులు విరుచుకుపడ్డారు. మునుపటి పదును పోయిందని, గాయకుడి పని అయిపోయిందని, మెత్తబడి అందరికీ నచ్చేలా పాడుతున్నారని. అభిమానులు రెండుగా చీలి ఇంటర్నెట్‌లో కొట్టుకుంటున్నారు. కోపం చెప్పుకోవడానికి ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు పాపం! తలుపుకు ఆనుకుని ఒక్కొక్క సమీక్షా చదివి వినిపించింది. అంతా విని, నాకు తెలిసింది నేను చెప్పాను. అంత పొడుగు అరుపుకు ముందు అతను ఒకే ఒక్కసారి ఊపిరి తీసుకుంటాడని, అది కడుపులోంచి వచ్చే బలమని, అతని పని అయిపోయిందన్నవాళ్లు ఎప్పుడూ ఊపిరి లెక్కపెట్టి ఉండరని. తలుపు అవతల పిల్ల పకపకా నవ్వింది. ఇంటర్నెట్‌లో తనూ ఒక సమీక్ష పెట్టి, ఆ మాటలనే అందులో రాసింది, మా అమ్మ నర్సు, ఆమెకు తెలుసు అని. జర్మనీ నుంచి కూడా ఎవరో మెచ్చుకుంటూ జవాబు రాశారట.

మంచం దిగిన ఆదివారం కూటంలో సాక్ష్యం చెబుతూ, మా అమ్మాయి గురించి నేనిచ్చిన ప్రార్థన అంశం తీసేయమని, తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను. పిల్ల మెట్ల మీదే కూర్చుని ఉంది.

ఇదంతా తలచుకుంటూ మొన్న ఆ పాటల పుస్తకం తిరగేస్తే, చివరి పేజీలో పెన్సిల్‌తో వారాల పేర్లు, వాటి పక్కన అంకెలు కనబడ్డాయి. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. నచ్చిన పాటలకు గుర్తులు కాబోలనుకున్నాను. గురువారం దగ్గర ఇరవై ఎనిమిది, దాని చుట్టూ రెండు సున్నాలు. ఆ గురువారం నాకు బాగా గుర్తు, మంచం మీద లేచి కూర్చోలేకపోయిన రోజు. కింద చిన్న అక్షరాలతో, ముప్పై దాటితే అంబులెన్సు పిలవమని మా జీపీ డాక్టరు ఫోన్‌లో చెప్పిన మాట. ఆ తర్వాత అంకెలు ఇరవై రెండుకూ, పద్దెనిమిదికీ దిగాయి. నాతో మాట్లాడని ఆ రోజుల్లో, పాట ఆపినప్పుడల్లా నా పిల్ల తలుపుకు చెవి ఆనించి నా ఊపిరి లెక్కపెట్టిందన్నమాట. ఆ నిమిషాలనేనా నేను పంతం అనుకున్నాను!

ఇప్పుడది కార్క్ నగరంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. వెంటనే ఫోన్ చేసి, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, ఆ ఒక్క ముక్క తెలుగులో అంది.

“పేషెంట్‌కి తెలియకూడదు కదమ్మా.”

ఇవాళ నా ఊపిరి లెక్కపెట్టడానికి చేతికి గడియారం ఉంది, మా అమ్మాయే కొనిచ్చింది. ఆ పాటలు ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా సాగిపోతాయి. ఒక్కసారి ఆగితే బాగుండునని వింటూ కూర్చుంటాను.