అర డిగ్రీ వాలు

సివిల్ డిప్లొమా చివరి ఏడాదిలో అంజూర్ ఫాటా దగ్గరి పాత ఇనుప సామాన్ల భంగార్ దుకాణంలో పాత అబ్నే లెవెల్ ఒకటి కొన్నాను. జానెడు ఇత్తడి గొట్టం, పక్కన డిగ్రీలు చెక్కిన అర్ధచంద్రాకారపు పట్టీ, పైన నీటిబుడగ ఉన్న చిన్న గాజునాళం. గొట్టంలోంచి ఎదుటి గుర్తును చూస్తూ మర తిప్పాలి. లోపలి అద్దంలో బుడగ అడ్డతీగ మీదికి రాగానే వాలు ఎంతో పట్టీ మీద చదువుకోవచ్చు. మా కాలేజీలో ఇలాంటిది బీరువాలో ఉండేది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నార్పోలిలో మా గదిలోకి ఏటా వాన నీళ్లు వచ్చేవి. ఆ ఏడు గడప ముందు నుంచి వీధి మురుగు పోయే గట్టర్ వరకు, ముప్పై అడుగులు, సిమెంటు కాలువ కట్టించాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. మిస్త్రీ ఎత్తుపల్లాలు చూడటానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ పైపు తెచ్చాడు. అక్కర్లేదన్నాను.

బాపు నాకంటే మూడంగుళాలు పొట్టి. అది ముందే లెక్కలోకి తీసుకున్నాను. చదునైన నేల మీద ఎదురుగా నిలబడితే నా చూపు ఆయన టోపీ అంచుకు తగులుతుంది. అందుకని ఆయన్ని గడప దగ్గర నిలబెట్టి, నేను గట్టర్ దగ్గర నుంచి టోపీ అంచును చూశాను. అర డిగ్రీ. అంటే గడప వైపు మూడంగుళాలు ఎత్తు. ఉన్న వాలు చాలు, తవ్వొద్దన్నాను. మిస్త్రీ తవ్వకుండానే కట్టాడు.

సిమెంటు ఆరాక అమ్మ బకెట్ నీళ్లు పోసింది. సగం కాలువలో నిలిచాయి. సగం గదిలోకి వచ్చాయి.

"ఏందిరా ఇది? వానకాలం రాకముందే తెచ్చినవు గదా నీళ్లు!"

మళ్లీ కొలుద్దామన్నాను. బాపు లోపలి నుంచి చెక్క పీట తెచ్చి, గడప ముందు వేసి ఎక్కాడు. బాపు పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో పొట్టివాళ్లు లూము అందడానికి కాళ్ల కింద వేసుకునే పీట అది.

"అదెందుకు బాపు?"

"మొన్న గూడ ఏసుకున్న గదరా. నీ ఎత్తుకు రావాలె గదా."

"మరి చెప్పకపోతివి?"

"కదలద్దంటివి. మాట్లాడితే తల కదలదా?"

గొట్టంలోంచి చూస్తే టోపీ తప్ప కాళ్లు కనిపించవు. పీట ఎత్తు కొలిచాను. మూడంగుళాలు. పీట తీయించి చూస్తే వాలు సున్నా.

శుక్రవారం లూములకు సెలవు. బాపు, నేను కాలువ పగలగొట్టి, గట్టర్ వైపు లోతుగా తవ్వాం. మిస్త్రీ మళ్లీ కట్టాడు.

ఆ వానాకాలం గట్టరే పొంగిన రెండు రోజులు తప్ప గది పొడిగానే ఉంది. ఆ రెండు రోజులకు వాలు కారణం కాదని అమ్మకు వివరంగా చెప్పాను. ఆమె నీళ్లు ఎత్తిపోస్తూ వింది.