అనివార్య కారణాల ఉత్తరం

మొన్న మార్కాపురం రోడ్డు స్టేషనులో గిద్దలూరు బండి కోసం కూర్చుని ఉంటే, అనివార్య కారణాల వలన బండి ఆలస్యంగా వస్తుందని, అందుకు చింతిస్తున్నామని మైకులో ఒక ఆడగొంతు చెప్పింది. జనం మామూలుగా విసుక్కుని మళ్ళీ వేరుశనక్కాయలు ఒలుచుకోసాగారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. "ఏంది, ఎవరో పోయినట్టు మొహం పెట్టినారు?" అంది మా ఆవిడ. పోయినాడే, ఎప్పుడో పోయినాడు అని మనసులో అనుకున్నాను.

మద్రాసు దొరతనం నాటి మాట. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లా. వానలు మొహం చాటేసి పెద్దారవీడు పక్కన మా చేలు ఎండిపోతే, మా నాయన నన్ను పలకల ఫ్యాక్టరీ షావుకారు దగ్గర గుమాస్తాగా పెట్టాడు. గనిలో రాయిని పొరలుపొరలుగా తీసి, పలకలు కోసి, చెక్క చట్రాలు బిగించి మద్రాసు కంపెనీకి పంపడం మా పని. గని కౌలు కంపెనీ పేరు మీదే ఉండేది, తవ్వించేది షావుకారు. ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే నడవాలి. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంతంటే, పైన అడ్రసు రాయగలను, కింద సంతకం పెట్టగలను; మధ్యలో రాయాల్సిందే రాదు. అందుకని రోజూ సాయంత్రం మిషన్ బడి టీచరమ్మ వసారాకు పోయేవాణ్ణి. ఆమె మనిషి సన్నం, గొంతు లావు. వ్యాపారానికి విడి మాటలు చాలవని, దొరల నుడికారం పట్టుబడాలని ఆమె నమ్మకం. అంచు విరిగిన పలక మీద రోజుకొక నుడి రాసి, "దీన్ని మీ అమ్మ ఎట్ల అంటుంది?" అని అడిగేది. "బై రిటర్న్ ఆఫ్ పోస్ట్" అంటే "ఉన్నపళాన" అన్నాను. "బీట్ అబౌట్ ది బుష్" అంటే "డొంకతిరుగుడు, టీచరమ్మా" అన్నాను, పకపకా నవ్వింది. గనిలో పనిచేసే ఆమె తమ్ముడు ఒళ్ళంతా రాతిపొడితో వచ్చి, "అన్నా, మేస్త్రిని మర్యాదగా తిట్టేదానికి ఏమన్నా నుడి ఉందేమో మా అక్కనడుగు" అని నన్ను ఆటపట్టించేవాడు.

"ఓయింగ్ టు అన్‌అవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్" రాసిననాడు మాత్రం నేను తల అడ్డంగా ఊపాను. "మా అమ్మ ఇట్ల అనదు టీచరమ్మా. ఎద్దు చచ్చిపోతే ఎద్దు చచ్చిపోయిందనే అంటుంది." ఆమె పలక నా చేతికిచ్చి, "ఏం జరిగిందో చెప్పకుండానే అనివార్యమని మర్యాదగా తప్పుకునే మాట నాయనా ఇది. గుమాస్తాకు అన్నం పెడుతుంది, బాగా పట్టుకో" అంది. పట్టుకున్నాను.

ఆ యేడు ముసురు నాలుగు రోజులు విడవలేదు. ఐదోనాడు గని గోడలో ఒక పొర జారి టీచరమ్మ తమ్ముడి మీద పడింది. బయటికి తీసేటప్పటికే ప్రాణం లేదు. సమాధి చేసిన మరునాడు ఆమె ఫ్యాక్టరీకి వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "ఆ గోడ ఇంకా నానుతానే ఉంది. సోమవారం మళ్ళ మనుషుల్ని దింపుతారంట. మనిషి పోయినాడని కంపెనీకి రాయి నాయనా, వాళ్ళు వచ్చి చూసేదాకన్నా పని ఆగుతుంది. మావాడి పేరు కూడా రాయి" అంది. రాస్తానని మాటిచ్చాను.

షావుకారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మనిషి పోయినాడని రాస్తే గని మూసేస్తార్రా! ఎన్ని కొంపల్లో పొయ్యి ఆరిపోతాదో తెలుసా? మొదట నీ కొంపలోనే." ఎండిన మా చేను కళ్ళ ముందు ఆడింది. కలం పట్టుకోగానే ఆ నుడి తనంతట తానే వచ్చి కూర్చుంది: అనివార్య కారణాల వలన సరుకు కొంచెం ఆలస్యమవుతుంది, తమ అసౌకర్యానికి చింతిస్తున్నాము. షావుకారు చదివించుకుని, "దొరబిడ్డ రాసినట్టుండాదే!" అని భుజం తట్టాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణాన నాకు సంతోషమేసింది.

మర్నాడు బడి వదిలాక టీచరమ్మ వచ్చి ఉత్తరం నకలు చూపించమంది. తేలు కుట్టిన దొంగలా నకళ్ళ పుస్తకం తీసి ఇచ్చాను. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివింది. తమ్ముడి పేరు ఎక్కడా లేదు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "నేర్పింది నేనే గదా నాయనా" అని నకళ్ళ పుస్తకం మూసి నా చేతిలో పెట్టి పోయింది. సోమవారం పొద్దున గనిలోకి దిగే దారికి అడ్డంగా ఆమే కూర్చుంది. షావుకారు అరిచాడు, మేస్త్రి బతిమాలాడు. గోడకు దుంగలు ఆనించేదాకా ఆమె లేవలేదు, ఒక్క మనిషీ దిగలేదు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత ఆ వసారా మెట్టెక్కే మొహం నాకు లేకపోయింది.

ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాను. ఆ అబ్బాయి పేరుతో ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. షావుకారు ఉన్నాడని కొన్నాళ్ళు, పిల్లల చదువులని కొన్నాళ్ళు చించేశాను. ముసురు పట్టిందంటే వాడు వాకిట్లో నిలబడ్డట్టే ఉంటుంది. ఏమీ అడగడు, అదే భయం. ఇప్పుడు షావుకారు లేడు, కంపెనీ లేదు, టీచరమ్మ లేదు. రాయడానికి నాకు ఏ అడ్డూ లేదు. కాలం అడ్డంకులన్నీ ఒక్కొక్కటే తీసేసింది, ఉత్తరం అందుకోవలసినవాళ్ళతో సహా.