తిరిగి తీసుకోని లైన్ క్లియర్

ఇది ఇంకెవరైనా చెబితే నేను నమ్మేవాణ్ని కాదు. జరిగింది నాకే కాబట్టి నమ్మక తప్పలేదు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ని. మీటరు చూపించనిది లేనట్టే అనుకునే మనిషిని. ఇంటి సరుకులకు కూడా వరస నంబర్లు వేస్తాను... సువార్త అందుకే నన్ను ఆటపట్టిస్తుంది. సువార్త నా భార్య. ఈ సంగతి ఆమెది కూడా. గదిలో లైటు ఆర్పకండి, చెబుతాను.

మా ఇల్లు బందరులో. ఉద్యోగం దివిసీమలో, చేల మధ్య ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో. షిఫ్ట్ ఆపరేటర్ని. రాత్రి డ్యూటీలో కంట్రోల్ రూములో నేనొక్కణ్నే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, ముందు అది చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మా దగ్గర 'లైన్ క్లియర్' తీసుకుంటాడు. అంటే, ఆ లైనుకు కరెంటు ఆపేశాం, నువ్వు చెప్పేదాకా మళ్లీ ఇవ్వం అని. దాంతోపాటు ఒక గుర్తు పదం ఇస్తాం. పని అయ్యాక ఆ మనిషే, తన నోటితోనే, ఆ పదం చెప్పి లైన్ క్లియర్ తిరిగి ఇవ్వాలి. 'దిగిపోయాం, ఇచ్చేయండి' అంటే చాలదు. పదం రాకపోతే... ఆ మనిషి ఇంకా లైను మీదే ఉన్నట్టు. స్విచ్చి ముట్టుకోకూడదు.

సువార్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇంట్లోనే డయాలసిస్. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి పాత నీళ్లు కిందికి వదిలి, పైన తగిలించిన సంచిలోని మందునీళ్లు ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. అప్పుడు ఫ్యాను ఆపాలి. తలుపులు దగ్గరగా వేయాలి. మాస్కు పెట్టుకోవాలి. ఫోను ముట్టుకోకూడదు. చిన్న క్రిమి లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

పగటి డ్యూటీలు అడిగాను. మనుషుల్లేరన్నారు. ఉద్యోగం వదిలేస్తే ఆ సంచులు కొనలేను. చేస్తుంటే రాత్రి ఆమె పక్కన ఉండలేను. అత్తయ్య గుడివాడ నుంచి వచ్చి సాయం ఉండేవారు. ఆ వారం ఆవిడకే జ్వరం.

నేను డ్యూటీలో ఉంటే రాత్రి సంచి సువార్తే మార్చుకునేది. నేను ఉండబట్టలేక మధ్యలో ఫోన్ చేసేవాణ్ని. ఒకరోజు విసుక్కుంది.

"బావా, నీ లైన్‌మన్లకు లైన్ క్లియర్ ఇస్తావు కదా? నాకూ ఒకటి పడెయ్. నేను తిరిగిచ్చేదాకా ఫోన్ చేశావంటే చూడు!"

అలా మొదలైంది. మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి తీసుకునేది. అయ్యాక పదం చెప్పి తిరిగిచ్చేది. పదాలన్నీ డాక్టరు ఆమెను వద్దన్న తిండి పేర్లే. కొబ్బరిబోండం. చక్కెరకేళి. తాటిముంజలు. "తినకపోతే మానె, నోటితో అనడానికేం, ఉప్పూ లేదు, నీళ్లూ లేవు" అనేది.

ఆ రాత్రి ఇచ్చిన పదం మాత్రం మీకు చెప్పను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

సాయంత్రం నుంచీ సముద్రం వైపు నుంచి గాలి. తర్వాత వాన. సువార్త ఫోన్ చేసింది, గొంతు కొంచెం నీరసంగా ఉంది. అడిగితే "ఏం లేదు, తూలినట్టుంది, మజ్జిగ తాగాలనుంది" అంది. పదం ఇచ్చాను. నవ్వింది. "ఇదా... అన్యాయం బావా" అంది. పెట్టేసింది.

కాసేపటికి సెల్ సిగ్నల్ పోయింది. గాలివానలో మామూలే. తను తిరిగిచ్చే ఫోన్ అందుకే రాలేదనుకున్నాను.

తర్వాత మా పాత వైర్‌లెస్ సెట్ పలికింది. లైన్‌మన్ కోటేశ్వరరావు గారు, చేతి సెట్‌లోంచి. మా ఆట సంగతి ఆయనకూ తెలుసు.

"సార్, కొమ్మ విరిగి తీగ మీద పడింది. అమ్మగారి లైన్ క్లియర్ అయిపోతే మాకూ ఒకటి ఇప్పించండి."

"మీకు వెటకారం ఎక్కువైందండీ."

"వానలో స్తంభం ఎక్కేవాడికి అదొక్కటేగా సార్ వేడి!"

లైను ఆపాను. పదం ఇచ్చాను. ఆయన ఎక్కారు. ఇక ఆయన దిగేదాకా నేను ఆ గది వదలకూడదు.

వాన ఆగింది. ఆగాక... ఎలా చెప్పాలి... అంతా మెత్తగా అయిపోయింది. కిటికీ బయట చేలన్నీ నీళ్లు. నీళ్ల మీద పొగలాంటి మంచు. యార్డులో తీగలు మోసే పింగాణీ గిన్నెలు తడిసి, వాటి దగ్గర సన్నగా నీలం వెలుగు... 'జుయ్'మంటూ. తడి వల్ల అలా వస్తుంది, కారణం నాకు తెలుసు. కానీ ఆ రాత్రి అది ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

సెట్ గరగరలాడింది.

నీళ్ల చప్పుడు. బొట్టు... బొట్టు... సంచిలోకి నీళ్లు దిగే చప్పుడు. అది నాకు బాగా తెలిసిన చప్పుడు.

"బావా..."

సెట్ వైపు తిరిగాను.

"బావా... లైన్ క్లియర్ తిరిగిచ్చేస్తున్నా."

సువార్త గొంతు. మా ఇంట్లో వైర్‌లెస్ సెట్ లేదు. ఆమె దాన్ని ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. భయం వేయాలి కదా? వేయలేదు. అదే ఇప్పుడు నన్ను భయపెడుతుంది. ఆ గొంతు అంత హాయిగా ఉంది... నొప్పి అంతా తీరిపోయిన మనిషి గొంతులా.

చెయ్యి దానంతటదే బటన్ మీదికి వెళ్లింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"గుర్తు పదం చెప్పు."

గరగర. నీళ్లు.

"గుర్తు రావట్లేదు... ఇక్కడ ఎవ్వరూ అడగట్లేదు బావా. నువ్వొక్కడివే అడుగుతున్నావు."

"ఎక్కడున్నావు?"

"చేలు... అన్నీ నీళ్లే. చల్లగా ఉంది. బాగుంది. అలసిపోయాను బావా... దిగిపోతాను. ఇచ్చేయి."

నా కళ్లలో నీళ్లు. 'సరే' అందామనిపించింది. నిజం చెబుతున్నాను... ఆ గొంతు వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ పద్ధతి పద్ధతే. మనిషి చెప్పినా పదం రాకపోతే తీసుకోకూడదు.

"పదం లేకుండా తిరిగి తీసుకోను సువార్తా."

"నీ రూల్సు నువ్వూ..." ఇంట్లో విసుక్కున్నట్టే విసుక్కుంది. తర్వాత నీళ్ల చప్పుడే. చివరికి, దూరం నుంచి... "ఉండు. వెతుక్కొస్తా."

అంతే. కప్పలు మళ్లీ అందుకున్నాయి.

వెంటనే కోటేశ్వరరావు గారి గొంతు. "సార్? ఎవరితో మాట్లాడుతున్నారు? తిరిగి తీసుకోను, తీసుకోను అంటున్నారు... నేనింకా పైనే ఉన్నాను!"

"ఇంకో గొంతు వినిపించిందా మీకు?"

"లేదు సార్. నీళ్ల చప్పుడు వచ్చింది. వాన ఆగిపోయింది కదా, ఎక్కడి నీళ్లా అనుకున్నాను."

ఫోన్ తీసి చూశాను. ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. ఆమె తిరిగిచ్చేదాకా ఫోన్ చేయనని మాట కదా... అందుకని కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు, నిర్మల టీచర్ గారికి చేశాను. మా తాళం చెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది.

"టీచర్ గారూ, ఒక్కసారి పైకెళ్లి సువార్తను చూడండి."

"ఏమైంది బాబూ?"

"తెలియదండి. వెళ్లండి."

మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు విన్నాను. తాళం చప్పుడు. తలుపు. తర్వాత... "అయ్యో ప్రభువా!"

మంచం పక్కన నేల మీద పడి ఉందట. ఫ్యాను ఆపే ఉంది. మాస్కు ముక్కు మీదే ఉంది. పిలిస్తే పలకడం లేదు, ఒళ్లంతా చల్లటి చెమట. గొట్టంలోంచి నీళ్లు కింది సంచిలోకి బొట్టు బొట్టుగా దిగుతూనే ఉన్నాయట.

ఆవిడ అంబులెన్సు పిలిచారు. ఇక్కడ నేను... గది వదల్లేను. అక్కడ నా భార్య ప్రాణం, ఇక్కడ స్తంభం మీద ఒకరి భర్త ప్రాణం. స్విచ్చి ముందు నిలబడి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను, పొరపాటున కూడా దాన్ని తాకకుండా. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో మాటలు మరచిపోయాను.

కోటేశ్వరరావు గారు దిగారు. ఆయన పదం ఆయన చెప్పారు. కరెంటు ఇచ్చాను. అవనిగడ్డలో ఉండే ఇంకో ఆపరేటర్ నా ఫోనుకు నిద్ర లేచి వచ్చాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు పాపం. "నువ్వు పోరా ముందు, మిగతాది తర్వాత చెబుదువు" అన్నాడు.

పులిగడ్డ వంతెన దాటేసరికి తెల్లారుతోంది. కింద నది, రెండు వైపులా నీళ్లు నిండిన చేలు, వాటిలో నిలబడ్డ తెల్లటి కొంగలు. చల్లగా ఉంది. బాగుంది. ఆ రెండు మాటలూ నా తలలో ఆమె గొంతుతోనే వినిపించాయి. బండి ఇంకా వేగంగా నడిపాను.

బీపీ బాగా పడిపోయిందన్నారు ఆస్పత్రిలో. ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదన్నారు. రెండో రోజు కళ్లు తెరిచింది. నన్ను చూసి మొదట చేసిన పని... ముఖం చిట్లించడం.

"ఎంత విసిగించావు బావా."

"నేనా?"

"పదం, పదం అని ఒకటే గోల. హాయిగా నడుస్తున్నాను... ఎక్కడో నీళ్లలో. నీ గోల భరించలేక వెనక్కి తిరిగాను, ఎక్కడ పడేసుకున్నానా అని." కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. "ఇప్పుడు గుర్తొచ్చింది. అది..."

నా అరచెయ్యి ఆమె నోటి మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

తర్వాత నేను ఆలోచించాను, నా అలవాటు కొద్దీ వరసగా. ఒకటి, నిద్ర చాలక నేనే ఊహించుకుని ఉంటాను. రెండు, సముద్రంలో ఏదో పడవ సెట్ మా సెట్‌లో కలిసి ఉంటుంది. మూడు... మూడోది ఇంతవరకు దొరకలేదు. మొదటిదైతే కోటేశ్వరరావు గారికి నీళ్ల చప్పుడు ఎలా వినిపించింది? రెండోదైతే, నన్ను బావా అని పిలిచేది ఎవరు? అది ఏమిటో నాకు తెలియదు.

ఇప్పుడు అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు. అయినా నేను రాత్రి డ్యూటీకి వెళ్తే ఆట మామూలే. కొత్త పదం ఇస్తాను, అయ్యాక తిరిగి తీసుకుంటాను. ఆ ఒక్కటి తప్ప. దాన్ని ఆమె ఇవ్వలేదు, నేను తీసుకోలేదు.

ఒక్కోసారి ఏడిపించడానికి అంటుంది. "బావా, ఆ రోజుది చెప్పెయ్యనా?"

"వద్దు."

"అయితే నేనింకా లైను మీదే ఉన్నట్టా?"

"ఉండు" అంటాను.

నవ్వుతుంది. అటు ఫ్యాను ఆగిన చప్పుడు వినిపిస్తుంది.