లక్ష్మివారం నాడు అలికిన పొయ్యి

“నీ మిషనే సచ్చింది బాబూ. నా పొయ్యికి ఏటీ అవలేదు.”

“మిషన్ బాగానే ఉంది మామ్మా. నిన్న సాయంత్రం దాకా పని సేసింది. రాత్రికి రాత్రి ఏటయిపోద్ది దానికి?”

“అది నన్నడిగితే? సదువుకున్నోడివి నువ్వు.”

“ఓసారి లోపలికి రానీ. పొయ్యి ఎనకాల సూస్తాను.”

“తానం సేసావా?”

“పొద్దున్నే సేసాను.”

“సేసి కాలేజీకి ఎల్లి ఊరంతా తొక్కొచ్చావు. లక్ష్మివారం నాడు ముగ్గు దాటి రావడానికి లేదు. ఆడినుంచే సూసుకో.”

“ఆడినుంచి ఏటి కనపడతాది? రేపొద్దున ఆఫీసరొస్తాడు. ఈ పొగ సూస్తే పొయ్యి ఎత్తేమంటాడు. నీకది గుర్తుందా?”

“నాకు గుర్తుంది. నీ డబ్బాకి గుర్తు సెయ్యి.”

పెద్ద తుఫాను వచ్చిపోయిన మూడో ఏడు, మార్గశిర మాసంలో జరిగిన గొడవ ఇది. ఒడిశా బరంపురంలో బడా బజార్ వెనక సందులో మా మురీల బట్టీ. అటువైపు నిలబడి మాట్లాడినవాడు ప్రసాదు, ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. మా ఇంటికి రెండిళ్ళ అవతల వాళ్ళమ్మతో ఉంటాడు. ఇటువైపు నేను. బట్టీ నాది. నా కోడలు కుమారి, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు చేటలు కింద పెట్టి, ఎవరి వైపూ మాట్లాడకుండా చూస్తున్నారు. గొట్టం లోంచి నల్లటి పొగ తాడులాగా పైకి పోతోంది.

మురీలను కొన్ని ఊళ్ళలో మరమరాలంటారు. ఉప్పుడు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, సన్నటి సెగమీద వేడెక్కించి పక్కన పెట్టుకోవాలి. ఇంకో పొయ్యిమీద పెద్ద ఇనప మూకుడులో ఇసక కాగుతూ ఉంటుంది. గుప్పెడు బియ్యం అందులో పోసి పుల్లల కట్టతో తిప్పితే పది లెక్కపెట్టేలోగా పొంగుతాయి. వెంటనే జల్లెడలోకి తియ్యాలి. సెగ తగ్గితే గింజ రాయి అవుతుంది, పెరిగితే ఎర్రబడుతుంది. ఈ పనిలో తెలివి అంతా మంట దగ్గరే ఉంది. నేను రెండో తరగతితో బడి మానేసి మా అత్తగారి దగ్గర నేర్చుకున్నది అదొక్కటే.

తుఫాను పడగొట్టిన సరుగుడు కర్ర రెండేళ్ళు వచ్చింది. అది అయిపోయాక మంచి కర్ర దొరకలేదు. జీడి పిక్కల ఫ్యాక్టరీలు పారబోసే తొక్కు తెప్పించడం మొదలుపెట్టాను. జీడి తొక్కులో నూనె ఉంటుంది. చేతికి తగిలితే పొక్కులు లేస్తాయి. మంట బ్రహ్మాండంగా వస్తుంది, దాంతోపాటు పొగా వస్తుంది. జిడ్డు పొగ. ఆరేసిన బట్టమీద మసి చుక్కలు పడతాయి. కళ్ళు మండుతాయి. చవగ్గా వస్తోంది కదా అని నేను పట్టించుకోలేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ప్రసాదు వాళ్ళమ్మ టీచరుగా పనిచేసి రిటైరైంది. సందులో అందరం టీచరమ్మ అంటాము. ఆవిడకు ఉబ్బసం. ఆ చలికాలం మొదట్లో ఒకరోజు పొద్దున్న ఊపిరందక ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తర్వాత సందులో వాళ్ళంతా కలిసి మున్సిపాలిటీకి కాగితం పెట్టారు. టీచరమ్మ సంతకం పెట్టలేదని తెలిసి నేను పలకరించడానికి వెళ్ళాను.

“ఆరుగురు ఆడవాళ్ళ పని పోతుందని పెట్టలేదు. అంతేగానీ నీ పొగ బాగుందని కాదు అప్పలనరసమ్మా,” అంది ఆవిడ.

ఆఫీసరు వచ్చి చూశాడు. మార్గశిరంలో రెండో శుక్రవారం మళ్ళీ వస్తానని, అప్పటికి పొగ తగ్గకపోతే బట్టీ సందులోంచి తీసెయ్యాలని రాసిచ్చాడు. ఊరి బయటికి తీసుకెళ్ళడం నా వల్ల కాదు. మా ఆడవాళ్ళు మధ్యలో ఇళ్ళకెళ్ళి పిల్లలకు అన్నం పెట్టి వస్తారు. అంత దూరం వాళ్ళు రాలేరు. సందులోంచి తియ్యడమంటే బట్టీ ఆరిపోవడమే.

ఆ వారంలోనే ప్రసాదు ఒక కొవ్వొత్తి పట్టుకొచ్చాడు. రెండు రేకు ముక్కలు నిలబెట్టి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, రేకులకు తీగలు కలిపిన ఒక డబ్బా స్విచ్ నొక్కాడు. తలుపులు వేసే ఉన్నాయి, గాలి లేదు. మంట పక్కకు వంగింది. స్విచ్ ఆపితే లేచి నిలబడింది.

“ఊదకుండా ఎలా ఒంగింది?” అన్నాను.

“మంటలో కరెంటుకి లొంగే రేణువులుంటాయి మామ్మా. మసిలో కూడా ఉంటాయి. ఒక పక్కనుంచి లాగితే కదులుతాయి, గాలిని కూడా లాక్కెల్తాయి. సగం కాలి బయటికి పోయే మసిని మంటలోనే ఇంకొంచెంసేపు ఆపితే అక్కడే కాలిపోద్ది.”

“కరెంటు ఎంత తింటాది?”

“ఒక బల్బు పాటి.”

“అయితే పెట్టు,” అన్నాను.

పొయ్యి వెనక గోడకు కన్నం చేసి వేలెడు లావు స్టీలు కడ్డీని మంటలోకి దింపాడు. దాన్ని ఎలక్ట్రోడ్ అంటారు. మూకుడుకీ, అడుగు ఊచలకీ తీగ కట్టి భూమిలో పాతాడు, అది ఎర్త్. కడ్డీ గోడలోంచి వచ్చేచోట తెల్లటి పింగాణి కప్పులాంటిది బిగించాడు. ఇన్సులేటర్ అన్నాడు. డబ్బా అరుగు అవతల పెట్టాడు. కరెంటు సరిగ్గా అందుతుంటే దానిమీద ఒక ముల్లు లేస్తుంది. హై వోల్టేజ్, ముట్టుకుంటే మనిషి పోతాడని చెప్పాడు. తొక్కు వేసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. ఇనప చువ్వ పొయ్యి దగ్గర ఉండనే కూడదు. ఈ రెండూ నేను మా వాళ్ళకు గట్టిగా నేర్పాను. ఒకరోజు స్విచ్ ఆపకుండా తొక్కు చేట ఎత్తినందుకు కుమారిని ఆ పూట పొయ్యి దగ్గరకి రానివ్వలేదు.

పింగాణి కప్పు శుభ్రంగా, పొడిగా ఉంచాలని కూడా చెప్పాడు. నేను తలూపాను. ఎందుకని అడగలేదు. అంతమంది ముందు అడగడం నాకు నామోషీ అనిపించింది.

మొదటి వారం కడ్డీ మసి పట్టి నిప్పురవ్వలు కొట్టింది, ఫ్యూజు పోయింది. కడ్డీని కొంచెం వెనక్కి జరిపాడు. రెండో వారం పనిచేసింది. స్విచ్ వేస్తే మంట బుసకొట్టి ముద్దగా అయ్యేది. గొట్టం మీద నల్లటి పొగ బూడిద రంగుకొచ్చి, తర్వాత పలచబడిపోయేది. టీచరమ్మ వీధి అరుగు మీద కూచుని బియ్యం ఏరుకుంది ఒకరోజు. అది చూసి సంతోషించాను.

ఆఫీసరు రాబోయే ముందురోజు లక్ష్మివారం, అంటే గురువారం. మార్గశిర లక్ష్మివారం మాకు ఎంత ముఖ్యమో మా ఒడియా ఇరుగుపొరుగుకూ అంతే. తెల్లారకముందే ఇల్లూ పొయ్యీ అలికి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, అమ్మవారి పాదాలు వెయ్యాలి. బట్టీ నా అన్నం. దాన్ని అలక్కుండా లక్ష్మివారం నాడు నిప్పు పెట్టను. ఆరోజూ నేనే అలికాను. స్విచ్ ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత పొగ వచ్చింది, ప్రసాదు వచ్చాడు, పైన రాసిన గొడవ జరిగింది. డబ్బామీది ముల్లు లేవడం లేదని, డబ్బాయే పాడైనట్టుందని చివరికి తనే ఒప్పుకుని, దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. మళ్ళీ రెండు మాటలు అన్నాను వెనకనుంచి.

మంట చల్లార్చి, పొయ్యి వెనక పువ్వు పెట్టడానికి వెళ్ళాను. కాలిన పేడ వాసన వచ్చింది. వంగి చూశాను. నేను అలికిన మట్టిమీద, కడ్డీ దగ్గరనుంచి గోడదాకా, చీమల బారు లాగా సన్నటి గోధుమరంగు గీత ఉంది. కరెంటు నడిచిన దారి అది. పింగాణి కప్పు కనపడటంలేదు. నేనే కప్పేశాను. మసి పట్టి అసహ్యంగా ఉందని, మిగతా గోడతోపాటు దానిమీదా మట్టి మెత్తి, అమ్మవారి కుడి పాదం సరిగ్గా దానిమీదే వేశాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. బియ్యానికి పట్టించగా మిగిలిన ఉప్పునీళ్ళు పారబొయ్యడం ఇష్టంలేక, వాటితోనే మట్టి కలిపాను.

చెప్పకపోయినా ఎవరికీ తెలీదు. డబ్బా పాడైందని అతనే అన్నాడు కదా. అయినా చెప్పులు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ప్రసాదు డబ్బా విప్పి, మరలన్నీ చాపమీద పేర్చుకుని కూచున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నట్టు లేదు. టీచరమ్మ పడక్కుర్చీలో ఉంది. పొద్దుటి పొగకు ఆవిడ గొంతు పిల్లికూతలు పెడుతోంది.

“దాన్ని విప్పకు బాబూ,” అన్నాను. “కప్పుమీద మట్టి మెత్తింది నేను. ఉప్పునీళ్ళ మట్టి.”

అతను నా మొహం చూసి, చేతిలో మర కింద పెట్టాడు. “ఉప్పునీళ్ళా? మామ్మా, కరెంటు మంటలోకి పోకుండా గోడలోకి పోడానికి రోడ్డు ఏసిచ్చావు. నేను లోపలికొచ్చి సూస్తానంటే రానివ్వలేదు కూడా.”

“లేదు.”

“రెండు గంటలనుంచి నా తల పగిలిపోతంది. నేనే ఏదో తప్పు సేసాననుకున్నాను.”

“అందుకే వచ్చాను.”

టీచరమ్మ ఊపిరి తీసుకుని కొడుకు వైపు తిరిగింది. “లక్ష్మివారం నాడు పొయ్యికేం చేస్తారని నువ్వు ఎప్పుడైనా అడిగావురా? ఈ ఇంట్లో పుట్టి పెరిగావు.” తర్వాత నా వైపు తిరిగింది. “ఆ కప్పు ఎందుకని నువ్వు అడిగావా?”

అడగలేదని ఇద్దరం బడిపిల్లల్లాగా ఒప్పుకున్నాము.

“ఇప్పుడేటి దారి?” అన్నాను.

“మట్టి గీకేసి, పొడిగుడ్డతో తుడిసి, స్పిరిట్ రాయాలి. రేపటికి ఆరాలంటే ఇప్పుడే సెయ్యాలి,” అన్నాడు ప్రసాదు.

లక్ష్మివారం నాడు వేసిన పాదాలు ఆరోజే చెరపకూడదు. మా ఆడవాళ్ళలో ఒక్కరు కూడా ఆ పనికి చెయ్యి పెట్టరు. నేను అడగనూ అడగలేదు. తప్పైతే నాకే అవనీ అనుకుని, కొబ్బరి చిప్ప తీసుకుని పొయ్యి వెనక కూచున్నాను. అమ్మవారిని ఒక్క జానెడు జరగమని అడిగి గీకాను. ఉప్పు మట్టి రాయిలాగా పట్టుకుంది. ప్రసాదు స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి, నా పక్కన కూచుని దూదితో కప్పు తుడిచాడు. ముగ్గు దాటే ముందు నా మొహం చూశాడు. రమ్మన్నాను. కప్పు చుట్టూ జానెడు మేర వదిలేసి, మంచినీళ్ళతో కలిపిన పిండితో పాదం మళ్ళీ వేశాను.

“మంట పెట్టి సూద్దామా?” అన్నాను.

“వద్దు. గోడ తడిగా ఉంది. దానంతటది ఆరనీ. రేపే తెలుస్తాది.”

నలభై ఏళ్ళు మంట చూశాను, మంట గురించి నాకు ఒకరు చెప్పేదేముంది అనుకునేదాన్ని. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకూడదని తెలుసుకోవడం సరిపోదు, ఎందుకో కూడా అడిగి తెలుసుకోవాలి. తెచ్చినవాళ్ళు కూడా ఆ ఇంట్లో ఏ రోజు ఏం చేస్తారో అడగాలి. మా ఇద్దరికీ ఆ గొడవ నేర్పింది అదే.

మర్నాడు పొద్దున్న ఆఫీసరు ఏడున్నరకు వచ్చాడు. ముందు స్విచ్ లేకుండా తొక్కు వేసి చూపించమన్నాడు. నల్లగా వచ్చింది. ప్రసాదు రాత్రి మళ్ళీ బిగించి తెచ్చిన డబ్బా స్విచ్ వేశాడు. ముల్లు లేచింది. ఆఫీసరు సందు మధ్యలో నిలబడి గొట్టం వంక చూస్తుండగానే పొగ పలచబడింది. పూర్తిగా పోలేదు. తొక్కు వేసిన ప్రతిసారీ కొంచెం నల్లగా వచ్చి తగ్గేది. అది ఆయన చూశాడు, రాసుకున్నాడు.

“రోజూ ఇది ఎవరు చూసుకుంటారు మావుసీ? లెక్చరరు గారు కాలేజీకి పోతారు కదా,” అని ఒడియాలో అడిగాడు.

“నేనే,” అన్నాను.

“పాడైతే ఏం చేస్తావు?”

“ముందు నేనేం చేశానో చూసుకుంటాను. తర్వాత ఈ బాబుని పిలుస్తాను.”

ఆయన నవ్వలేదు. కాగితంమీద నా పేరు రాసుకున్నాడు. వానలు మొదలయ్యేదాకా నడుపుకోమని, అప్పుడు మళ్ళీ వచ్చి చూస్తానని, ఈలోగా గొట్టం రెండు మూరలు పెంచమని చెప్పి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. కుమారి స్విచ్ ఆపి, తొక్కు వేసి, మళ్ళీ స్విచ్ వేసింది. ఇసక కాగాక మొదటి గుప్పెడు బియ్యం పోశాము.