అత్తమ్మ కాళ్లు

నాకు పెండ్లయిన మూడో ఏట మా మామ పోయాడు. ఆనాటి నుంచి మా అత్తమ్మ నులక మంచానికే అతుక్కుపోయింది. అది నిజాము కాలం. అచ్చంపేట దిక్కు మా పల్లెలో మంచి కోడలంటే అత్తను పుల్ల కూడా ఎత్తనీయనిది. నేను ఎత్తనీయలేదు. ముఖం కడుక్కునే నీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే. పెరట్లోకి వెళ్లాలంటే నా భుజం. ఈ సేవ నాకు దక్కినందుకు రోజూ దేవునికి దండం పెట్టుకునేదాన్ని.

రెండేండ్లు గడిచాయి. ఒకనాడు నా భుజం పట్టుకున్నా ఆమె లేవలేకపోయింది. మోకాళ్లు వణికి మంచంలో కూలబడింది. నూనె మర్దనకు మంత్రసాని అవ్వను పిలిపించాను. అవ్వ అత్తమ్మ చీరను మోకాళ్ల దాకా జరిపింది. పిక్కలు లేవు. కంది కట్టెల్లాంటి రెండు కాళ్లు, వాటికి వేలాడే తోలు. రోజూ నీళ్లు పోసింది నేనే. నా కండ్లకెందుకు ఆనలేదు?

"ఇదేం రోగం అవ్వా?"

"రోగం గాదు బిడ్డా. ఆమె కాళ్లు జేసే పనంత నువ్వే జేస్తివి. ఇగ కాళ్లెందుకుంటయి? గిట్లనే ఇంకో ఏడు జూడు, కూసునుడు గూడ మర్శిపోతది."

ఆ సాయంత్రం దీపం వెలిగించి, దేవునికి దండం పెట్టబోయి ఆగిపోయాను. సేవ అనుకుంటూ నా చేతులతో నేనే ఇంత పని చేశానా?

మర్నాటి నుంచి అవ్వ చెప్పినట్టే మొదలుపెట్టాం. మంచం మీద కూర్చుని చల్ల చిలికే తాడు లాగడం. పాదాల కింద గుండ్రటి కట్టె పెట్టి దొర్లించడం. కాస్త పట్టు దొరికాక, గుంజ పట్టుకుని గోవింద నామానికొకసారి లేచి నిలబడడం. మా బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు గనుక పుస్తకం చూసి నామాలు నేను చదివేదాన్ని, "గోవిందా" అని ఆమె అనాలి.

"అత్తమ్మా, మూడు నామాలకు ఒక్కసారే లేస్తివి!"

"దేవుడు లెక్కవెడుతడా పిల్లా? నువ్వే వెడుతున్నవు."

పక్కింటి వదిన గోడ మీదుగా చూసింది. "ముసలిదానితోటి చల్ల చిలికిస్తున్నవా? పాపం తలగదా!"

"జర అడుగు బిడ్డా," అంది అత్తమ్మ. "నన్ను ఎద్దు లెక్క తిప్పుతాంది."

వంటింట్లోకి పోయి ఏడ్చాను. తాడు మాత్రం మళ్లీ ఆమె చేతికే ఇచ్చాను.

వానలు వెనకబట్టాక నాకు చలిజ్వరం వచ్చింది. ఇంట్లో వాళ్లంతా చేనికి పోయారు. నోరెండి చాప మీద పడి ఉంటే, గోడను రాసుకుంటూ ఏదో వస్తున్న చప్పుడైంది. కండ్లు తెరిచాను. ఎదురుగా అత్తమ్మ, చేతిలో చెంబు. మంచం నుంచి నీళ్ల గోలెం దాకా, గోలెం నుంచి నా దాకా ఒక్కతే వచ్చింది. అదిరిపడి లేవబోయాను. అత్త నీళ్లు తెచ్చిస్తే కోడలు తాగడమా!

"పండుకో, లేవకు. సగం తొవ్వలనే ఒలికినయి. ఉన్నయన్న తాగు."

తాగాను. చీర అంచు కింద ఆ కాళ్లు కనబడ్డాయి. ఇంకా సన్నగానే ఉన్నాయి, వణుకుతున్నాయి. దేవుడు ఎదురుగా నిలబడినా నేనంత బిత్తరపోయేదాన్ని కాదేమో.

"మల్ల మంచం కాడికి పోత. పట్టుకునేటందుకు రాకు," అంటూ ఆమె గోడవైపు తిరిగింది.

నా చేయి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి తీసుకుని, చెంబును గట్టిగా పట్టుకున్నాను.